అడిగినవాడు

గ్రంథపఠనం ఏకాంతంలో సాగే తపస్సు వంటిది; గ్రంథచర్చ నలుగురు కూడి చేసే యజ్ఞం వంటిది. ఆ యజ్ఞంలో అగ్రపూజకు అర్హుడెవరు? ఈ ప్రశ్న ఒకనాడు తెనాలిలోని అయిదుగురు మిత్రుల ఎదుట నిలిచింది.

విశ్రాంత తెలుగు పండితుడు, బ్యాంకు ఉద్యోగిని, మందుల దుకాణదారు, పాఠశాల ఉపాధ్యాయిని, ఒక దర్జీ - వీరు ప్రతి ఆదివారం సాయంకాలం పండితుని ఇంటి వసారాలో సమావేశమయ్యేవారు. ఆ ఏడాది పొడవునా పింగళి సూరన రచించిన 'కళాపూర్ణోదయం' చదివారు. 16వ శతాబ్దికి చెందిన ఆ కావ్యంలో ఎనిమిది ఆశ్వాసాలున్నాయి. మొదట పడిన చిక్కుముడి చాలా దూరం సాగితే గాని విడదు.

పఠనం పూర్తయిన సందర్భంలో, తమలో అత్యంత విలువైన సభ్యుని ఎన్నుకొని శాలువాతో సత్కరించాలని వారు నిశ్చయించారు. ఆ గౌరవం పండితునిదేనని అందరి ఊహ. అయినా ఎవరి మనసులోనో చిన్న జంకు. రాజసూయంలో అగ్రపూజ ఎంత కలహానికి దారితీసిందో వారెరుగనిది కాదు.

చీటీలు పంచబోతుండగా పండితుడు లేచాడు.

"శిశువైన మధురలాలస పూర్వజన్మ వృత్తాంతం చెప్పే ఘట్టం మీకు జ్ఞాపకముందా? ఆనాడు మనమందరం తలలూపాము. ఇతడొక్కడే, 'మాస్టారూ, నాకు బోధపడలేదు. మొదట్లో వచ్చిన కలభాషిణికీ ఈ పసిపాపకూ ఏమిటి సంబంధం?' అని అడిగాడు. కలభాషిణే ఈ జన్మలో మధురలాలస అని వెంటనే చెప్పాను. ఎలాగని మళ్లీ అడిగాడు. నా నోట మాట రాలేదు. ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన నేను ఆ సంగతిని వల్లించానే గాని విప్పి చూడలేదు. ఇతని మూలంగానే మనం మళ్లీ మొదటి ఆశ్వాసానికి వెళ్లాము. కథ నిజంగా చదివింది అప్పుడే."

చీటీలతో పని లేకపోయింది. పండితుడు స్వయంగా శాలువా కప్పాడు. దర్జీ చేతులు జోడించి, కొంతసేపు మౌనంగా ఉండి, ఇలా అన్నాడు:

"మాస్టారూ, వచ్చే ఏడు ఈ ఎన్నిక వద్దు. విలువైనవాడన్న పేరు పడ్డాక, తెలియదని చెప్పడానికి నాకూ సిగ్గు వేస్తుంది."

ఆ మాటలోని లోతు అందరికీ తెలిసింది. ఆ ఎన్నిక మరి జరగలేదు. మరుసటి ఆదివారం సూరన రచనే అయిన 'ప్రభావతీ ప్రద్యుమ్నము' ప్రారంభించారు. మొదటి పద్యం చదవగానే, "ఇక్కడ అన్వయం నాకు కుదరడం లేదు" అన్న స్వరం వినిపించింది.

అది పండితునిది.