సరుకు దిగువకు, ఖాళీ బండి ఎగువకు

మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంటుంది. తిరుపతి ఉండేది 160 మీటర్ల దగ్గర. మధ్యలో పీలేరు, అది దాటాక భాకరాపేట ఘాట్. 2025 దసరా తర్వాత మేము కొన్న పికప్‌కి ఎంత ఇంజిన్ ఉండాలో తేల్చింది ఈ ఎత్తుపల్లాలే. బండి కొనబోయే ఎవరైనా ముందు అడిగేది "ఎన్ని సీసీ?" అని. నేను మాత్రం "లోడుతో ఏ దిక్కుకు పోతారు, ఖాళీగా ఏ దిక్కున వస్తారు?" అని ముందు అడగమంటాను. మా ఇంట్లో నెలకు పదివేల రూపాయల తేడా ఆ ప్రశ్న దగ్గరే తేలింది.

మాది కూరగాయల సరఫరా. అంగళ్లు, గుర్రంకొండ, వాల్మీకిపురం వైపు రైతుల దగ్గర టమోటా, బీన్స్, క్యాబేజీ, క్యారెట్ తీసుకుని తిరుపతిలో హాస్టళ్లకూ హోటళ్లకూ వేస్తాం. తోటల దగ్గర బేరం మా ఆయనది, స్టీరింగ్ మా మరిదిది, లెక్కల పుస్తకం నాది. చాలా ఏళ్లు అద్దె బండ్లతోనే నెట్టుకొచ్చాం. టమోటా ధర పడిపోయిన రోజుల్లో పిలిస్తే నాలుగు బండ్లు వచ్చి నిలబడతాయి. 2023 జూలైలో లాగా కిలో వంద దాటి ఎగబాకినప్పుడు మాత్రం ఎక్కువ బాడుగ ఇచ్చే దూరపు లోడ్లకు అన్నీ వెళ్లిపోతాయి. హాస్టల్ వంట మాస్టరుకు ఆ సంగతి చెబితే వినడు, పొద్దున్నే ఆయన గిన్నెలో కూర పడాలి. అందుకే సొంత బండి అనుకున్నాం.

మా ముందున్నవి మూడు రకాలు. 700 సీసీ తరగతిలో టాటా ఏస్: రెండు సిలిండర్లు, 750 కిలోల లోడు. 1500 సీసీ తరగతిలో ఇంట్రా వీ30: నాలుగు సిలిండర్ల డీజిల్, 70 హార్స్‌పవర్, 140 న్యూటన్ మీటర్ల టార్క్, 1,300 కిలోల లోడు. ఆపైన 2500 సీసీ బొలెరో పికప్: సుమారు 75 హార్స్‌పవర్, 200 న్యూటన్ మీటర్ల టార్క్, అందులో 1,700 కిలోలు మోసే మోడల్. మా మరిది మనసు మొదటి రోజు నుంచీ మూడో దాని మీదే.

"చూడు వదినా, పెద్దింజిన్ అయితే ఘాట్‌లో ధైర్నంగా ఉంటాది. చిన్నది తీసుకుంటే లోడు మీద మూలగతా ఎక్కల్ల" అన్నాడు.

"లోడుతో నువ్వు ఎక్కేదెప్పుడు నాయనా? లోడుతో దిగుతావు, ఖాళీ క్రేట్లేసుకుని ఎక్కుతావు" అన్నాను.

కాసేపు ఆలోచించి, "రిటర్న్ లోడు దొరికితే ఎక్కల్ల గదా" అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉంది. పెద్ద ఇంజిన్‌కి నిజంగా పని పడేది అక్కడే. కాబట్టి మేము తేల్చుకోవాల్సింది సీసీల సంగతి కాదు, మాకు రిటర్న్ లోడు ఉందా లేదా అన్నది.

ఇంజనీరింగ్ చదివే మా అబ్బాయి కాగితం మీద ఒక లెక్క వేసి చూపించాడు. బండీ సరుకూ కలిపి 2,500 కిలోలు అనుకుందాం. వంద మీటర్లకు ఆరు మీటర్లు పైకి లేచే రోడ్డు మీద గంటకు 30 కిలోమీటర్ల వేగంతో ఆ బరువును లాగడానికి చక్రాల దగ్గర సుమారు 20 హార్స్‌పవర్ చాలు. 40 కిలోమీటర్ల వేగం కావాలంటే 26, 27. మధ్యలో గేర్లలో కొంత పోతుందనుకున్నా 70 హార్స్‌పవర్ బండికి అది పెద్ద కష్టం కాదు. టార్క్ ఎక్కువుంటే మలుపులో ఆగి మళ్లీ కదిలేటప్పుడు హాయిగా ఉంటుంది, గేరు మార్చే శ్రమ తగ్గుతుంది. నడిపేవాడికి ఆ సుఖం చిన్నదేమీ కాదు, నేను కాదనను. కానీ 2005లో వచ్చిన మొదటి ఏస్‌లో ఉన్నది 16 హార్స్‌పవర్. మన ఊళ్ల సరుకంతా ఆ ఇంజిన్ మీద ఎంతకాలం నడిచిందో గుర్తు చేసుకుంటే 70 తక్కువని ఎవరూ అనలేరు.

ఇక డబ్బు. 1500కీ 2500కీ మధ్య ఆన్‌రోడ్ ధరలో మాకు చెప్పిన తేడా దాదాపు రెండు లక్షలు. "అప్పుగా తీసుకుంటే ఏముందమ్మా, నెలకు నాలుగైదు వేలు" అన్నాడు ఫైనాన్స్ కంపెనీ కుర్రాడు. వడ్డీ ఎంతంటే "ఆరున్నర" అన్నాడు. ఆరున్నర ఫ్లాట్ అంటే ఏమిటో పికప్ కొనే ప్రతివాళ్లూ ఒకసారి చేత్తో వేసి చూసుకోవాలి. రెండు లక్షలకు ఏడాదికి ఆరున్నర చొప్పున నాలుగేళ్లకు వడ్డీ 52,000. అసలుతో కలిపి 48 నెలలకు పంచితే నెలకు 5,250. నెలనెలా అసలు తీరుతూ ఉన్నా వడ్డీ మాత్రం మొదటి రోజున్న రెండు లక్షల మీదే పడుతుంది. తగ్గుతున్న బాకీ మీద లెక్కిస్తే అది 12 శాతానికి దగ్గర. బ్యాంకులో 11 శాతానికి అదే అప్పు నెలకు సుమారు 5,170 అవుతుంది. నెలకు ఎనభై రూపాయలే కదా తేడా అనిపించవచ్చు. నాకు బాధ కలిగించింది ఆ ఎనభై కాదు. ఆరున్నర అన్న మాట విని, పదకొండు చెప్పిన బ్యాంకు కన్నా చవక అని సంతోషంగా సంతకం పెట్టేవాళ్లు మా మార్కెట్ యార్డు చుట్టూ ఎంతో మంది ఉన్నారు. రెండూ ఒకే కొలతలో చెప్పమని అడిగితే చాలు, సంగతి బయటపడుతుంది.

డీజిల్ లెక్క కోసం మా మరిది స్నేహితులను అడిగాం, వాళ్లలో రెండు రకాల బండ్లు నడిపేవాళ్లూ ఉన్నారు. కంపెనీ చెప్పే మైలేజీ పక్కన పెట్టి, మా దారిలో మా లాంటి లోడుతో వచ్చేది చెప్పమన్నాం. చిన్నదానికి లీటరుకు 15, పెద్దదానికి 12 అని వేసుకున్నాం. రోజు మార్చి రోజు తిరుపతి పోయి వస్తే నెలకు మూడు వేల కిలోమీటర్లు. అంటే 200 లీటర్లు ఒకవైపు, 250 లీటర్లు మరోవైపు. లీటరు 97 రూపాయలు అనుకుంటే నెలకు 4,850. కిస్తీ తేడాతో కలిపితే పదివేలు. పాత బండ్ల దగ్గర బొలెరోకి గిరాకీ ఎక్కువ. అయిదేళ్ల తర్వాత అమ్మితే లక్ష దాకా ఎక్కువ రావచ్చని ఆ మేరకు తగ్గించాను. అయినా నెలకు ఎనిమిది వేలు దాటే ఉంది.

అదనంగా వచ్చే 400 కిలోల చోటు ఆ డబ్బు సంపాదించలేదా? సంపాదిస్తుంది, సరుకు ఉంటే. కిలోకు రెండు రూపాయలు మిగిలినా ట్రిప్పుకు 800. నెలలో పదకొండు, పన్నెండు ట్రిప్పులు నిండుగా పోతే ఖర్చు పూడిపోయి పైన కాస్త మిగులుతుంది కూడా. నేను ఆర్డర్ల పుస్తకం తీసి చూశాను. మాది మామూలు రోజున టన్ను, టన్నుంబావు మధ్య ఉంటుంది. అందులోనూ బీన్స్, క్యాబేజీ ఉన్న రోజు బరువు కంటే ముందే చోటు నిండుతుంది. టమోటా ఒక్కటే వేసినా మూడు వరసలు పేరిస్తే నలభై అయిదు క్రేట్ల దగ్గర 1,300 కిలోలకు చేరువవుతాం. హాస్టల్లో తినే పిల్లల సంఖ్య మా బండి సైజును బట్టి పెరగదు. కొత్త ఖాతాలు వస్తాయన్న ఆశ మంచిదే, కానీ కిస్తీ ఆశ మీద ఆగదు, మొదటి నెల నుంచే మొదలవుతుంది.

పెద్ద సరుకు వచ్చే రోజులు లేకపోలేదు. పెళ్లిళ్ల ముహూర్తాలు, పండగల ముందు రోజులు. అప్పుడు ఒక బొలెరో బాడుగకు తీసుకుంటాం. ఎప్పుడో వచ్చే చుట్టాల కోసం ఏడాదంతా పెద్ద ఇల్లు అద్దెకు తీసుకోం కదా.

కొన్ని ఖర్చులకు ఇంజిన్ సైజుతో సంబంధమే లేదు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ సరుకు బండ్లకు మొత్తం బరువు 7,500 కిలోల దాకా ఒకటే, పన్ను కాక 16,049 రూపాయలు. లైసెన్సు సంగతి కూడా అంతే. కారు లైసెన్సు ఉన్నవాళ్లు 7,500 కిలోల లోపు రవాణా బండిని నడపవచ్చని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది, కాబట్టి మా మరిది దేనికైనా సరిపోతాడు. తేడా వచ్చేది పర్మిట్ దగ్గర. బండీ లోడూ కలిపి 3,000 కిలోలు దాటకపోతే పర్మిట్ అక్కర్లేదు. ఇంట్రా వీ30 దానికి బాగా లోపలే ఉంది. 1,700 కిలోలు మోసే మోడల్‌కి వెళితే ఆ గీత దాటతాం.

షోరూమ్‌లో అన్నిటికన్నా గట్టిగా లాగింది పన్ను. 2025 సెప్టెంబర్ 22 నుంచి సరుకు బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. మేము చూసిన బండి మీద దాదాపు అరవై వేలు తగ్గింది. "మీకు కలిసొచ్చిన డబ్బే కదా మేడమ్, దాన్ని పెద్ద బండికి కలుపుకోండి" అన్నారు. తగ్గిన పన్ను మా చేతికి వచ్చిన ఆదాయం కాదు, మేము చేయకుండా మిగిలిన అప్పు. పైగా తాజా కూరగాయల మీద జీఎస్టీ లేదు కాబట్టి బండి మీద కట్టిన పన్నును మేము ఎక్కడా తిరిగి సర్దుకోలేం, కట్టిందల్లా మా ఖర్చే. అందుకని ఆ అరవై వేలు అప్పులోంచి తగ్గించి రాయించాం.

అలాగని నేను చిన్న ఇంజిన్ పక్షమూ కాదు. 700 సీసీ బండి ధర చూసి మా ఆయన కాస్త ఊగాడు. 750 కిలోల బండికి టన్ను సరుకు ఉన్న ఇంట్లో ఏం జరుగుతుందో నాకు తెలుసు. ఈ ఒక్కరోజే అని 250 కిలోలు ఎక్కువ వేస్తారు, నెల తిరిగేసరికి అదే అలవాటవుతుంది. ఓవర్‌లోడుకు జరిమానా 2019 సవరణ తర్వాత 20,000 రూపాయలు, పైన ప్రతి టన్నుకూ 2,000. జరిమానా కంటే నన్ను భయపెట్టేది ఘాట్ దిగుడు. మా లోడు మొత్తం దిగే దారిలోనే ఉంటుంది. అక్కడ బండిని కాపాడేది గేరు, బ్రేకు, టైర్లు. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దించేవాళ్లను నేను కళ్లారా చూశాను. ఇంజిన్ పట్టు వదిలేస్తే భారమంతా బ్రేకుల మీద పడుతుంది, అవి వేడెక్కితే మలుపులో పట్టవు. పావు లీటరు కోసం ఇంటి మనిషిని పందెం కాయడం అది. బండి తాళం ఇచ్చిన రోజే మా మరిదితో ఒక మాట అనుకున్నాం: ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి, డీజిల్ ఎంత తాగినా నేను అడగను.

అలా 1500 సీసీ దగ్గర ఆగాం. మిగిలిన ఎనిమిది వేలలో అయిదు వేలు వేరే ఖాతాలో వేస్తున్నాను. టైర్లు, ఇన్సూరెన్స్, రెండేళ్లకోసారి వచ్చే ఫిట్‌నెస్, బ్రేక్ లైనర్లు అన్నీ అందులోంచే. కొత్త బండికి మొదటి ఏడాది ఏ ఖర్చూ కనిపించదు. అప్పుడే ఆ ఖాతా నింపుకోకపోతే మూడో ఏడు టైర్ల కోసం బంగారం కుదువ పెట్టాలి. మార్కెట్‌లో అలా పెట్టినవాళ్లను చూశాకే ఈ ఖాతా తెరిచాను.

రిటర్న్ లోడు సంగతి వదల్లేదు. మదనపల్లెలో బియ్యం వ్యాపారి ఒకాయన శ్రీకాళహస్తి, నాయుడుపేట వైపు మిల్లుల నుంచి తిరుపతికి వచ్చే బియ్యం మూటలు పైకి తెచ్చిపెట్టమని అడుగుతున్నారు. టన్ను లోపు అయితే మా ఇంజిన్ నిబ్బరంగా ఎక్కిస్తుంది, ట్రిప్పుకు 2,500 ఇస్తానంటున్నారు. టన్నున్నర చొప్పున నెలకు ఎనిమిది ట్రిప్పులు, ఆరు నెలలకు రాసిస్తే 2500 సీసీ లెక్క నేనే మళ్లీ తీస్తానని మా మరిదికి చెప్పాను. ప్రస్తుతానికి ఆయన నెలకు రెండు ట్రిప్పులకు మించి మాట ఇవ్వడం లేదు.