ఆదివారపు మాత్ర

మూడు సంవత్సరముల క్రిందట నా కుమారునికి జ్వరము వచ్చి ఎంతకును విడువలేదు. చిగుళ్లనుండి రక్తము కారెను. కాళ్లపై మచ్చలు కనబడెను. అప్పుడు వాడు మన పాఠశాలయందే ఆరవ తరగతి చదువుచుండెను. చిత్తూరులో రక్తము పరీక్షించిన వైద్యుడు మమ్మా దినముననే వేలూరి క్రైస్తవ వైద్యకళాశాల ఆసుపత్రికి పొమ్మనెను. అచ్చట ఎముకలోని మూలుగు తీసి చూచి, లింఫోబ్లాస్టిక్ లుకేమియా యని చెప్పిరి. దేహమును రోగములనుండి కాపాడవలసిన తెల్లకణములే, తమ పని నేర్వకమునుపే మేర లేక పెరిగి, మూలుగునంతయు ఆక్రమించు వ్యాధి యిది.

కొన్ని మాసములకు వాడు ఇల్లు చేరెను గాని మొగము పాలిపోయి యుండెను. ప్రభుత్వము పాఠశాలలకు పంపు ఐరన్, ఫోలిక్ ఆమ్లపు మాత్రలను వారమునకొకసారి పిల్లలకు పంచువాడను నేనే. రక్తము పట్టునుగదా యని వాటిలో కొన్ని వానిచేతను మ్రింగించితిని. వేలూరు పోయినప్పుడు ఆ మాట చెప్పగా వైద్యురాలు, “మమ్మడుగక వాటి నీయవలదు,” అనిరి. విజ్ఞానశాస్త్రము బోధించు నాకు సిగ్గు కలిగెను. పదిమంది పిల్లలకు మేలు చేయు మాత్ర నా బిడ్డకేల కూడదు? జవాబు వెదకబోగా యెల్లాప్రగడ సుబ్బారావుగారి చరిత్ర దొరకెను.

ఆయన 1895లో భీమవరమున జన్మించిరి. మెట్రిక్యులేషన్ పరీక్ష మూడవ పర్యాయమునగాని గట్టెక్కలేదు. (తప్పిన పిల్లలకు ఈ సంగతి నేను తప్పక చెప్పుదును.) ఆయన సోదరులు స్ప్రూ అను గ్రహణివ్యాధికి బలియైరి. మద్రాసులో వైద్యము చదివి, 1922లో భార్యను ఇంట విడిచి అమెరికా వెడలిరి. హార్వర్డులో ఫిస్కేగారితో కూడి రక్తమందలి భాస్వరమును కొలుచు పద్ధతిని కనుగొనిరి. 1940లో లెడర్లీ పరిశోధనశాలకు మారిరి. అచ్చట ఆయన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. స్ప్రూ వ్యాధికి అదియే మందయ్యెను; సోదరులకు మాత్రము అందలేదు.

కణము రెండగుటకు ఫోలిక్ ఆమ్లము కావలయును. ఆ కాలముననే బోస్టన్ నగరమున సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు లుకేమియా గల పిల్లలకు ఆ జాతి పదార్థములనిచ్చి చూడగా, వ్యాధి తగ్గుటకు మారుగా విజృంభించినట్లు తోచెను. నేను తెలియక చేసినదియు అట్టిదే. ఆయన ఆ పొరపాటును విడువక పట్టుకొని, ఈ ఆహారము రోగకణములకు అందకున్న నేమగునని ఆలోచించెను. సుబ్బారావుగారి తోడి రసాయనజ్ఞులు అమినోప్టెరిన్ అను మందును చేసి పంపిరి. తాలుగింజను మన రైతులెరుగుదురు: చూపునకు వడ్లే, లోపల బియ్యముండదు. ఈ మందట్టిది. కణము దానిని ఫోలిక్ ఆమ్లమని గ్రహించును. అది లోపల చోటాక్రమించి పని సాగనీయదు. కణము రెండు కాజాలదు.

1948 జూన్ మాసమున ఫార్బరు ప్రకటించిన లెక్క యిది: 16 మంది పిల్లలలో 10 మందికి గుణము కనబడెను. అది కొలదికాలమే నిలిచెను. అయినను అంతవరకు ఆ పిల్లల తలిదండ్రులకు వైద్యులు చెప్పగలిగినది లేకుండెను. ఆ యేడు ఆగస్టు మాసమున సుబ్బారావుగారు 53వ యేట మరణించిరి. అమినోప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేట్ తరువాత వాడుకకు వచ్చెను. దానిని ఇతర మందులతో కలిపి ఇచ్చుట నేర్చినపిమ్మట, నేడు మంచి చికిత్స దొరకిన పిల్లలలో పెక్కుమంది స్వస్థులగుచున్నారు.

నా కుమారుడు మ్రింగు పసుపుపచ్చని మాత్రలు ఆ మెథోట్రెక్సేటే. వారమునకొక్క దినమే, ప్రతిదినము మ్రింగిన ప్రాణాపాయము. కావున నా భార్య ఆదివారపు ఆరాధననుండి రాగానే క్యాలెండరుపై గుర్తు పెట్టి ఇచ్చును. ఇప్పుడు వాడు తొమ్మిదవ తరగతి. జుట్టు మరల ఒత్తుగా పెరిగినది. ఇంకను కొన్ని వారములు మిగిలియున్నవి.

ఒకనాడు ఈ చరిత్రనంతయు ఆమెకు చెప్పితిని. ఆమె ఫార్బరును గూర్చిగాని, ఫోలిక్ ఆమ్లమును గూర్చిగాని అడుగలేదు.

“ఆయన మరల ఇంటికి వచ్చిరా?” అని అడిగెను.

రాలేదంటిని. ఆమె కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట లేచి, మంచినీళ్లు ముంచి, వానిని మాత్రకు పిలిచెను.