నాన్న డెల్కో

నా నవలల్లో కారు ఆగిపోయిందంటే కారణం ఒక్కటే: హీరోయిన్ ఆ దారిన నడిచి వస్తూ ఉండాలి. బంగారుపాళ్యంలో మా నాన్న అంబాసిడరు ఆగడానికి అంత సరసమైన కారణాలేవీ లేవు. పాయింట్లు అరుగుతాయి, అంతే.

అది 1978 నాటి మార్క్ త్రీ. ఉత్తరపారాలో అంబాసిడర్ల తయారీ 2014లో ఆగిపోయినా, నాన్న లెక్కలో అది మధ్యాహ్నం భోజనానికి మూసిన దుకాణం. ప్రతి ఆదివారం బానెట్ ఎత్తి, డెల్కో మూత తీసి, పాయింట్లను ఉప్పుకాగితంతో రుద్ది, వాటి మధ్య సందు సరిచూసేవాడు. ఆ సందు అంగుళంలో వెయ్యోవంతులు పదిహేను. కొలవడానికి ఫీలర్ గేజీ ఉన్నా, ఆయన నమ్మకమంతా ఒక పాత శుభలేఖ అట్ట మీదే. "ఎవురి పెండ్లిదో గానీ, ఆళ్ల కాపురం బాగుండాల" అనేవాడు.

డెల్కో అంటే డిస్ట్రిబ్యూటరే. అమెరికాలో డేటన్ అనే ఊళ్లో చార్లెస్ కెటరింగ్, ఇంకొకాయన కలిసి పెట్టిన కంపెనీ పేరది. మన మెకానిక్కుల నోట ఆ వస్తువుకే పేరైపోయింది. 1910 ప్రాంతంలో కెటరింగ్ తెచ్చిన పద్ధతే నాన్న కారులోనూ ఉండేది. పాయింట్లు కలిసి ఉన్నంతసేపూ బ్యాటరీ కరెంటు కాయిల్లో పారుతుంది. అవి ఠక్కున విడిపోగానే కాయిల్లో వేల వోల్టులు పుట్టి, ప్లగ్గులో నిప్పురవ్వ ఎగురుతుంది. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరిగితే పాయింట్లు 6000 సార్లు విడివడి కలవాలి. మన వంటింట్లో ఏ అట్లకాడ చేస్తుందండీ ఇంత చాకిరీ? కొన్నాళ్లకు ఒకదాని మీద గుంట, రెండోదాని మీద మొటిమ. కాపురంలాగే అనబోయి ఊరుకున్నాను.

పోయిన మామిడికాయల సీజన్లో, పలమనేరులో పెళ్లికి పోతూ ఉంటే, రాత్రిపూట మొగిలి ఘాటులో బండి ఆగింది. నాన్న పాయింట్లను అగ్గిపెట్టె పక్కకేసి రుద్దుతూ ఉంటే, అమ్మ వెనక నిలబడి వచ్చే లారీలకు సెల్‌ఫోన్ లైటు ఊపిందట, ముప్పావుగంట. మర్నాడు నాకు ఫోన్: "మీ నాయనకు డెబ్బై ఎనిమిది. కారన్నా మార్చండి, ఆ డెల్కో అన్నా మార్చండి. నేనైతే ఇంక ఎక్కను."

తమ్ముడు బెంగుళూరు నుంచి ఎలక్ట్రానిక్ సెట్టు పంపాడు. చిత్తూరు నుంచి మెకానిక్ భాయ్ వచ్చి పాయింట్లూ కండెన్సరూ ఊడదీశాడు. డెల్కో ఇరుసుకు అయస్కాంతాల చిన్న కడియం తొడిగి, పక్కన దాన్ని కనిపెట్టే బిళ్ల బిగించాడు. ఒకదానికొకటి తగలవు కాబట్టి అరగవు, సందు సరిచూసే పనీ లేదు. మూత పెట్టేస్తే పాత డెల్కోనే. "ఇంక ఈ బండికి నాతో పని లేదు సామీ" అన్నాడు భాయ్, నవ్వుతూనే.

నాన్న నవ్వలేదు. "పాయింట్లు దగ్గి, తుమ్మి, చెప్పి చస్తాయి. ఇది చెప్పకుండా చస్తుంది" అన్నాడు. మాట నిజమే. అందుకే పాత పాయింట్లు హార్లిక్స్ సీసాలో, డిక్కీలో భద్రంగా ఉన్నాయి. కానీ ఆయన దిగులు అది కాదని ఇంట్లో అందరికీ తెలుసు. ఆదివారం ఏం చేయాలి?

అమ్మకు మిక్సీ వచ్చిననాడు ఈ ప్రశ్న ఎవరూ అడిగినట్టు నాకు గుర్తులేదు. మిగిలిన పొద్దును వేరే పనులు వచ్చి మింగేశాయి. నాన్నకు మాత్రం పొద్దు పొద్దుగానే మిగిలింది.

తరవాతి ఆదివారం నేను అక్కడే ఉన్నాను. కారు ఒక్క తిప్పుకే స్టార్టయింది. నాన్న ఇంజను ఆపి, బానెట్ ఎత్తి, డెల్కో మూతను గుడ్డతో తుడిచి, చూస్తూ నిలబడ్డాడు.

"ఏం చేస్తా ఉండారు?" వంటింట్లోంచి అమ్మ.

"ఏమీ లేదు."

"అయితే ఇట్లా రాండి. గారెలకు పప్పు నానేసినా. మిక్సీలో అయితే పిండి వేడెక్కుతుంది. రోలు కడిగి పెట్టినా."

నేను పెరట్లోకి వెళ్లేసరికి నాన్న పొత్రం పట్టుకుని కూర్చున్నాడు. "తిప్పేటప్పుడు సందు చూసి పిండి లోపలికి తోయాల. చెయ్యి నలుగుతుంది, జాగ్రత్త" అని అమ్మ చెబుతోంది.