హాడ్రియన్ జుట్టు ఎవరు దువ్వారు?

మాడ్రిడ్‌లో సోల్ మెట్రో స్టేషన్ దగ్గర దిగి ఐదు నిమిషాలు నడిస్తే ప్లాసా మాయోర్ వస్తుంది. నాలుగు వైపులా ఎర్రటి మేడలు, 237 బాల్కనీలు, మధ్యలో గుర్రం మీద మూడో ఫెలిపే రాజు. టూరిస్టులంతా ఆ గుర్రం దగ్గర సెల్ఫీలు దిగుతుంటారు. మీరు ఆదివారం పొద్దున వెళ్తే మాత్రం ఎండలోంచి పక్కకొచ్చి, మేడల కింద ఉన్న వసారాల్లోకి రండి. మడత బల్లలు వేసుకుని పాత నాణేలు, స్టాంపులు, పోస్టుకార్డులు అమ్మేవాళ్లు కూర్చుని ఉంటారు. మధ్యాహ్నం రెండింటికల్లా అన్నీ సర్దేస్తారు. ఈ ఊళ్లో ఆదివారం పెందలాడే లేచేది వీళ్లొక్కరేనేమో.

ప్రాజెక్టు పని మీద ఏడాదిన్నరగా ఇక్కడున్నాను. ఆ రోజు నా జేబులో ఒక రోమన్ నాణెం ఉంది. హాడ్రియన్ చక్రవర్తి కాలం నాటి సెస్టర్షియస్. ఆయన 117 నుంచి 138 దాకా ఏలాడు, వాళ్ల కుటుంబం స్పెయిన్‌లోని ఇటాలికాది. నాణెం మన పది రూపాయల బిళ్ల కంటే వెడల్పు, బరువు దాదాపు మూడు రెట్లు. గడ్డం, మెడ, ఒక్కో రింగూ లెక్కపెట్టొచ్చు అన్నట్టున్న జుట్టు. ఆన్‌లైన్‌లో 180 యూరోలు పెట్టి కొన్నా.

నా కోసం కాదు, నాన్న కోసం. నాన్న నల్లగొండ జిల్లాలో సోషల్ టీచరుగా చేసి రిటైరయ్యారు. శాతవాహనుల పాఠం వస్తే చాలు, పుస్తకం మూసేసి అక్కనపల్లి కథ ఎత్తుకునేవారు. మన జిల్లాలోనే ఉన్న ఆ ఊళ్లో 1,500కు పైగా రోమన్ వెండి నాణేలు దొరికాయి. అగస్టస్‌వి, టైబీరియస్‌వి. వాటిలో చాలావాటి మీద, సరిగ్గా చక్రవర్తి ముఖం మీద, ఉలితో పెట్టిన గాట్లు. "రాజు మొఖం మీద గాటు ఎందుకు పెట్టిండ్రో చెప్పుండ్రి" అని అడిగేవారు. మేం చెప్పలేకపోయేవాళ్లం. లోపల అసలు వెండేనా అని చూడటానికని కొందరు, డబ్బుగా చెల్లకుండా చేయడానికని కొందరు పండితులు అంటారు. జవాబు ఖాయంగా లేని ప్రశ్నలంటేనే నాన్నకి ఇష్టం.

వందేళ్లు దాటిన వస్తువుని స్పెయిన్ దాటించాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. అందుకే ముందు ఫోటో పంపా. సాయంత్రానికల్లా అది నాన్న స్టేటస్, రిటైర్డ్ టీచర్ల గ్రూపులో పోస్టు. "మావాడు పంపిండు. పంతొమ్మిది వందల ఏండ్ల కిందటిది." కింద నలభై దండాలు.

వసారాలో మూల బల్ల దగ్గరున్న పెద్దాయనకి చూపించింది కూడా గొప్ప కోసమే, అబద్ధమెందుకు. ఆయన కంటికి భూతద్దం పెట్టుకుని, ముందు చెంప చూశాడు, తర్వాత చెవి, తర్వాత జుట్టు. "రెటొకాదా" అన్నాడు. నాకు తెలుగులో "కాదా?" అని అడిగినట్టు వినిపించి, అవునన్నట్టు తల ఊపాను! స్పానిష్‌లో ఆ మాటకి అర్థం: మళ్లీ చెయ్యి చేసుకున్నది. రీటచ్.

సగం ఇంగ్లీషు, సగం సైగలతో చెప్పాడు. రెండు అచ్చుల మధ్య లోహపు బిళ్ల పెట్టి సుత్తితో కొడితే నాణెం అవుతుంది. చేతులు మారేకొద్దీ ఎత్తుగా ఉన్న చోటే ముందు అరుగుతుంది. నా హాడ్రియన్‌కి చెంప నున్నగా అరిగిపోయింది, చెవి సగమే మిగిలింది. దాని పక్కనే ఉన్న జుట్టు మాత్రం ఇప్పుడే సెలూన్ నుంచి వచ్చినట్టుంది. అదెలా కుదురుతుంది? అక్షరాల చుట్టూ చూడమన్నాడు. అక్కడ ఖాళీ జాగా కొంచెం లోతుగా ఉంది, ఎవరో గీకి చదును చేసినట్టు. గీకిన మెరుపు కనబడకుండా పైన ఆకుపచ్చ పొర ఎక్కించారట. మట్టి తీయడం వేరు, లోహం తీయడం వేరు అన్నాడు. "ఎంత చేస్తుంది?" అంటే నలభై యూరోలు వస్తే ఎక్కువన్నాడు.

నా ముఖం చూసి జాలేసిందేమో, బల్ల కింద నుంచి ఒక పెట్టె తీశాడు. అన్నీ ఇలాంటివే, ఆయన ఏరి పోగేసుకున్నవి. ఒక్కోదానికి చిన్న చీటీ: జుట్టు చెక్కారు, పేరు మార్చారు, పొర వేశారు. అమ్మడట. నాకు నచ్చింది ఓథో. ఈ ఓథో 69లో మూడు నెలలే చక్రవర్తి. రోమ్ టంకశాల ఆయన పేరు మీద బంగారం, వెండి నాణేలు వేసింది కానీ కంచువి వెయ్యలేదు. కానీ పన్నెండు మంది సీజర్ల సెట్టు పూర్తి చేయాలనే పిచ్చి యూరప్ ధనవంతులకు వందల ఏళ్లుంది. గిరాకీ ఉంటే సరుకు పుడుతుంది కదా! వేరే చక్రవర్తి కంచు నాణెం తీసుకుని, ముఖం, పేరు చెక్కి ఓథోని చేసేవాళ్లు. అసలు ఓథోకి విగ్గు ఉండేదని సుయెటోనియస్ రాశాడు. విగ్గు రాజుకి దొంగ జుట్టు.

బయటికొచ్చి, స్క్విడ్ ముక్కలు పెట్టిన బన్ను కొనుక్కుని గుర్రం ఎదురుగా కూర్చున్నా. ఈ గుర్రానికి ఒకప్పుడు నోరు తెరిచి ఉండేదట. పిచ్చుకలు దూరి, బయటికి రాలేక కడుపులోనే చచ్చిపోయేవి. 1931లో ఎవరో నోట్లో బాంబు పెట్టి పేల్చితే ఎముకలు రాలిపడ్డాయి. బాగు చేసేటప్పుడు నోరు మూసేశారు. దీన్ని నకిలీ అని ఎవరూ అనరు, ఎందుకంటే ఏం చేశారో అందరికీ తెలుసు. అక్కనపల్లి గాట్లూ అంతే. "నేను కోశాను, చూసుకో" అని చెప్పే కోత అది. నా నాణెం మీది గీతలు, గీసినట్టు తెలియకూడదని గీసినవి. నాకు మండింది అక్కడే. డబ్బు దగ్గర కూడా మండిందనుకోండి. రిటర్న్ గడువు దాటి వారమైంది.

రాత్రి అదే అచ్చుతో కొట్టిన ఇంకో నాణెం ఫోటో వెతికి, నాది పక్కన పెట్టి చూశా. మన భాషలో డిఫ్ కొట్టా. అచ్చు ఒకటే అయినప్పుడు రింగులూ అవే ఉండాలి. నా హాడ్రియన్‌కి ఎక్కువున్నాయి.

నాన్నకి చెప్పాలా వద్దా అని మూడు రోజులు తిరిగా. ఆ నలభై దండాలే కళ్ల ముందు. చివరికి ఫోన్ చేశా.

"నాన్నా, ఆ బిళ్ల మీద జుట్టు ఎవరో తర్వాత చెక్కిండ్రంట."

కాసేపు ఏం మాట్లాడలేదు. టీవీ సౌండు తగ్గించడం వినిపించింది.

"మరి బిళ్ల?"

"బిళ్ల అసలుదే."

"ఎన్నడు చెక్కిండ్రు? మొన్ననా, మూడొందల ఏండ్ల కిందనా?"

"తెల్వదు."

"తెలుసుకోవాలె గదరా!" గొంతులో కోపం లేదు. క్లాసులో గాట్ల గురించి అడిగేటప్పటి గొంతే.

పది నిమిషాల తర్వాత గ్రూపులో పాత ఫోటో కింద "సవరణ" అని పెట్టి, జరిగిందంతా నాలుగు లైన్లు రాశారు. దండాలు రాలేదు కానీ ప్రశ్నలు వచ్చాయి. నాకు విడిగా అదే ఫోటో తిరిగి పంపారు, జుట్టు చుట్టూ ఎర్ర సున్నా గీసి: "ఇందుల ఏ రింగులు అసలువి, ఏవి కొత్తవి? లెక్క పంపు."

రోజూ ఆఫీసు అయ్యాక భూతద్దం పట్టుకుని కూర్చుంటున్నా. ఇప్పటికి ఏడు కొత్తవి తేలాయి. చెవి పైన ఉన్న రెండింటి దగ్గర ఆగిపోయా.