ఫోటోలో జింక

ఫోటో అబద్ధం చెప్పదంటారు. నిజమే కాబోలు. కాని ఫోటో కింద రాసిన మాట చెబుతుంది. ఆ మాట నమ్మి మా ఇంటిల్లిపాదీ ఒక సాయంత్రం ఎలా మోసపోయామో, అందులో నా పాలు ఎంతో చెప్పుకోవడానికే ఈ నాలుగు మాటలు.

దసరా సెలవులకి పామూరు వెళ్లినప్పుడు వాట్సాప్‌లో ఒక ఫోటో వచ్చింది. మూడు చీతాలు (మన నల్లమల చిరుతలు కావు, ఆఫ్రికావి) ఒక జింకని పట్టుకున్నాయి. ఒకటి గొంతు కరిచింది. జింక మాత్రం పెనుగులాడకుండా, తలెత్తి ఎటో చూస్తూ నిలబడి ఉంది. కింద కథ: పిల్లలు తప్పించుకోవాలని తల్లి జింక తనే వాటి నోటికి చిక్కిందట. ఫోటో తీసినాయన ఆ చూపు మరవలేక మనోవ్యాధితో మంచం పట్టాడట!

వసారాలో కూర్చుని అందరికీ చదివి వినిపించాను. నాయనమ్మ "అయ్యో తల్లీ!" అని కళ్లొత్తుకుంది. తోడేళ్లు గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోయిన రోజులు ఆమె కళ్లలో మెదిలాయి. నాయన మాత్రం "మన కంది చేలో పడేవాటిని గూడా అవొచ్చి ఒక పట్టు పడితే బాగుండు" అన్నాడు. తప్పేముంది? రాత్రంతా మంచె మీద టార్చిలైటుతో జాగారం చేసేవాడికి జింక అంటే పోయిన పంటే మరి! అమ్మ పొయ్యి ఎగదోస్తూ "తల్లంటే అంతే" అంది. మరేమీ అనలేదు.

కాలేజీకి తిరిగొచ్చాక ఆ ఫోటో సంగతి వాకబు చేశాను. తీసింది ఆయన కాదు, ఆమె. పేరు అలిసన్ బుటిజీజ్. 2013లో కెన్యాలోని మసాయ్ మారాలో తీసింది. ఈ కట్టుకథ 2017లో ఊళ్లు తిరిగితే, తనకే జబ్బూ రాలేదని ఆమే చెప్పుకోవలసి వచ్చింది. ఆ ఫోటోలో తల్లి ఉన్నమాట నిజం. అయితే ఆ తల్లి చీతా! ఎదిగిన పిల్లలకి వేట నేర్పుతోంది. పిల్లలకి ఇంకా చంపడం చేతకావడం లేదు. జింక భయంతో కొయ్యబారి ఉంటుందని ఆమె అన్నది. కోడిపిల్లని వెల్లకిలా అదిమిపట్టి వదిలితే కాసేపు అలాగే పడి ఉంటుందని పల్లెటూరి పిల్లలందరికీ తెలుసు. అది త్యాగమని మనమెవరమూ అనం కదా?

మరి జింక విషయంలో ఎందుకు నమ్మాం? ఆవు-పులి కథ విని పెరిగినవాళ్లం గనుక. 15వ శతాబ్దంలోనే అనంతామాత్యుడు 'భోజరాజీయము'లో ఆ కథ చెప్పాడు. కాని ఆ ఆవుకి నోరుంది. బిడ్డకి పాలిచ్చి వస్తానని తన నోటితో మాటిచ్చింది, నిలబెట్టుకుంది. ఫోటోలో జింకకి నోరు లేదు. మాట మనం పెట్టాం.

మిత్రులారా, ఇక్కడే నా గుండె గతుక్కుమంది. రెండేళ్ల కిందట పంట పోయి, అమ్మ తన కమ్మలు అమ్మి నా హాస్టలు ఫీజు కట్టింది. "మా అమ్మ త్యాగమయి" అని రూములో అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. ఆమె మౌనం చూసి నేను రాసుకున్న కథ కాదూ అది? త్యాగమని పేరు పెట్టేస్తే తిన్నవాడికి ఎంత సుఖం! ఒక్కనాడైనా ఆమెని అడిగానా?

సంక్రాంతికి ఇంటికెళ్లి ఫోటో అసలు సంగతి చెప్పాను. "అట్టనా!" అని ఆశ్చర్యపోయింది. కాసేపాగి, "అమ్మా, కమ్మలు అమ్మిన్రోజు నీకెట్టా అనిపించింది?" అన్నాను.

"ఎట్టా ఉంటది? అయ్యి మా అమ్మ పెట్టినయ్యి. బస్సులో ఇంటికొచ్చిందాకా కొంగు నోట్లో కుక్కుకున్నా. నీ సదువు ఆగగూడదనుకున్నా, అదీ నిజమే. ఏడుపొచ్చింది, ఇదీ నిజమే."

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత "ఇన్నాళ్లకి అడిగావు" అంటూ నా కంచంలో ఇంకో సజ్జరొట్టె వేసింది.

వేట ఫోటోలు చూసి కన్నీళ్లు పెట్టుకోవద్దని నేననను. నాయనమ్మ కన్నీళ్లూ నిజమే, నాయన కసీ నిజమే. అవి జింకవి కావు, మనవి. అంతవరకు తెలిస్తే చాలు.

ఉద్యోగం రాగానే అమ్మకి కమ్మలు కొనిస్తానని ఇక్కడ రాస్తే ముగింపు బాగానే ఉంటుంది. కొంటాను కూడా. కాని అవి వాళ్లమ్మ పెట్టిన కమ్మలు కావు.

— బి.యస్‌సి. (జంతుశాస్త్రం), ద్వితీయ సంవత్సరం