పాట అయిపోయాక కూడా వినండి!

టీవీలో సినిమా వస్తుంటే మనం ఏం చేస్తాం? పాట రాగానే గరిటె పక్కన పెట్టి హాల్లోకి పరుగెత్తుకొస్తాం. పాట అయిపోగానే మళ్ళీ వంటింట్లోకి పోతాం. అవునా, కాదా? నేనూ అంతే. నలభై దాటేదాకా సినిమాలో సంగీతమంటే పాటలే అనుకున్నాను. పాటకీ పాటకీ మధ్య కూడా ఎవరో ఒకరు కూర్చుని మనల్ని నవ్విస్తున్నారనీ, ఏడిపిస్తున్నారనీ, భయపెడుతున్నారనీ మా అమ్మాయి చెప్పేదాకా నాకు తెలియదు.

మాది యాగంటికి దగ్గర్లో ఒక పల్లెటూరు. బనగానపల్లె పక్కన నవాబులనాటి పాత బంగళా ఒకటుంది. 2009లో 'అరుంధతి' సినిమా వచ్చినప్పటినుంచి దాన్ని అరుంధతి బంగళా అంటున్నారు. యాగంటి ఉమామహేశ్వరస్వామి దర్శనానికి వచ్చేవాళ్ళు చాలామంది అక్కడ ఆగి ఫోటోలు దిగి పోతుంటారు. మాకు మాత్రం అది పగలూ రాత్రీ తెలిసిన బంగళానే. దాని చుట్టూ గొర్రెలు మేస్తుంటే చూసినవాళ్ళం. భయమన్న మాటే లేదు.

అలాంటిది, అదే బంగళా తెరమీద కనబడేసరికి నాకు చెమటలు పట్టాయి! అప్పుడు మా అమ్మాయికి నాలుగేళ్ళు. పిల్లను తీసుకొచ్చి తప్పు చేశానే అనుకుంటూ తిరిగి చూద్దును కదా, అది కళ్ళు పెద్దవి చేసుకుని తెరవైపే చూస్తోంది. చేతులు మాత్రం రెండు చెవులమీద గట్టిగా అదిమిపెట్టుకుంది. "కళ్ళు మూసుకోవే పిచ్చిదానా" అన్నాను. వినలేదు. సినిమా అయ్యేదాకా అలాగే చూసింది. ఆ ముచ్చట చాలా ఏళ్ళు చుట్టాలందరికీ చెప్పుకుని నవ్వుకున్నాం.

రెండేళ్ళ క్రితం ఒక రాత్రి అదే సినిమా వస్తుంటే మా అమ్మాయి రిమోటు తీసుకుని సౌండు పూర్తిగా తీసేసింది. "ఇప్పుడు చూడమ్మా" అంది. చూశాను. పాత బంగళా, దుమ్ము, ఎవరో నోరు తెరిచి అరుస్తున్నారు. నాకు నవ్వొచ్చింది. తర్వాత సౌండు పెట్టి, "ఇప్పుడు కళ్ళు మూసుకో" అంది. మూసుకున్నాను. ఒళ్ళు జలదరించింది! "భయపెట్టింది బంగళా కాదమ్మా, కోటిగారి సంగీతం" అని నవ్వింది. నాలుగేళ్ళప్పుడు తను మూసుకున్నది సరైనవే అని అప్పుడు నాకర్థమైంది.

దీన్ని నేపథ్య సంగీతమంటారు. సినిమావాళ్ళు రీరికార్డింగ్ అంటారు. సినిమా ఎడిటింగ్ అయ్యాక దర్శకుడూ, సంగీత దర్శకుడూ కలిసి కూర్చుని మొత్తం చూస్తారట. ఎక్కడ సంగీతం మొదలవ్వాలి, ఎక్కడ ఆగాలి అని గుర్తులు పెట్టుకుంటారట. సినిమాలో సెకనుకు 24 బొమ్మలు కదులుతాయి. తలుపు తీసిన బొమ్మ దగ్గర వయొలిన్ లేవాలంటే సరిగ్గా అక్కడే లేవాలి. కాస్త అటూ ఇటూ అయితే పోపు మాడినట్టే! పూర్వం పెద్ద హాల్లో తెరమీద బొమ్మ ఆడుతుంటే వాద్యబృందమంతా చూస్తూ వాయించేవాళ్ళు. ఇప్పుడు చాలావరకు ఒక్కరే కంప్యూటరూ కీబోర్డూ పెట్టుకుని తయారు చేసి, కావలసిన చోట వయొలిన్లూ వేణువులూ వాద్యగాళ్ళ చేత వాయించి కలుపుతున్నారు.

ఇంకో సంగతి. పాటలు ఒకరూ, నేపథ్య సంగీతం మరొకరూ చేసే సినిమాలు చాలా ఉన్నాయి. జాతీయ అవార్డుల్లో కూడా రెండూ వేరువేరు. 2021 సినిమాలకు 'పుష్ప' పాటలకని దేవిశ్రీప్రసాద్‌గారికి, 'ఆర్.ఆర్.ఆర్.' నేపథ్య సంగీతానికని కీరవాణిగారికి వచ్చాయి. మనం పాటల క్యాసెట్లు కొన్న కాలంనుంచీ మొదటి పేరే చూశాం. రెండో పేరు చూడటం ఇప్పుడు నేర్చుకున్నాను.

పెద్దవాళ్ళ సంగతి సరే, ఈమధ్య పదేళ్ళలో పైకి వచ్చిన కొందరి పేర్లు మా అమ్మాయి నాచేత నోటుబుక్కులో రాయించింది. చాకలి పద్దు పక్క పేజీలోనే రాసుకున్నాను. మీరూ రాసుకోండి.

హర్షవర్ధన్ రామేశ్వర్. 2017లో 'అర్జున్ రెడ్డి' పాటలు రధన్‌వి, నేపథ్య సంగీతం ఈయనది. 2023 నాటి 'యానిమల్' సినిమా నేపథ్య సంగీతానికి జాతీయ అవార్డు వచ్చిందని 2025 ఆగస్టులో ప్రకటించారు. ఆ సినిమాలో రక్తం నేను చూడలేను తల్లీ! వెనక్కి తిరిగి కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ విన్నాను. అలా వింటేనే ఆయన పనితనం బాగా తెలిసింది.

వివేక్ సాగర్. 'పెళ్ళిచూపులు' (2016), 'బ్రోచేవారెవరురా' (2019) చూసే ఉంటారు. మాటల మీద పడకుండా, మాటల పక్కన నడుస్తుంది ఆయన సంగీతం. పక్కింటావిడ మన మాట మధ్యలో 'ఊఁ' కొట్టినట్టుంటుంది.

స్వీకార్ అగస్తి. విశాఖపట్నంలోని కంచరపాలెం మనుషుల కథ 'కేరాఫ్ కంచరపాలెం' (2018) ఈయనదే. యాగంటిలో అగస్త్యమహాముని గుహ ఉంది కదా, మావాళ్ళకు ఈ పేరు వినగానే చుట్టరికం కలిసినంత సంతోషం!

శ్రీచరణ్ పాకాల. 'క్షణం' (2016), 'గూఢచారి' (2018), 'ఎవరు' (2019), 'మేజర్' (2022). ఉత్కంఠ సినిమాలంటే ఇష్టమున్నవాళ్ళు ఈయన పేరు చూసి కూర్చోవచ్చు. అయితే పొయ్యిమీద పాలు పెట్టి మాత్రం కూర్చోకండి.

కాలభైరవ. కీరవాణిగారి అబ్బాయి, పాటలు కూడా పాడతారు. 'మత్తు వదలరా' (2019)లో నవ్వూ భయమూ ఒకేసారి ఎలా పుట్టించారో వినండి. 'కలర్ ఫోటో' (2020) ఇంకో రకం.

మార్క్ కె.రాబిన్. 'అ!' (2018), నెల్లూరు డిటెక్టివ్ కథ 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ' (2019). గౌర హరి. 'హనుమాన్' (2024)లో పనిచేసినవారిలో ఒకరు, తర్వాత 'మిరాయ్' (2025). విజయ్ బుల్గానిన్. 'బేబీ' (2023), 'కోర్ట్' (2025).

భీమ్స్ సిసిరోలియో అంతకుముందే ఉన్నా, 'బలగం' (2023)తో మా ఇంటికి చుట్టమయ్యారు. చనిపోయిన పెద్దాయన పిండాన్ని కాకి ముట్టకపోవడమే ఆ కథ. అందరూ ఆకాశంవైపు చూస్తూ నిలబడిన చోట నేను మొదటిసారి పాటకోసం కాకుండా చప్పుడుకోసం విన్నాను.

పేర్లు చెప్పడం దాకా బాగానే ఉంది. ఇక అసలు సంగతికొస్తాను. ఈ పేర్లన్నీ మా అమ్మాయికి ఎందుకు కంఠతా వచ్చో మీరీపాటికి ఊహించే ఉంటారు. తనకా పని కావాలి. ఇంజనీరింగు చివరి సంవత్సరంలో ఉంది. ఉద్యోగం కాగితం కూడా చేతికొచ్చింది. "ఒక్క సంవత్సరం ఆగుతానమ్మా, హైదరాబాదులో ఏదైనా స్టూడియోలో అసిస్టెంటుగా చేరతాను" అంటోంది. మావారు ఒక్కటే మాట అన్నారు, "ఆడపిల్లను సినిమావాళ్ళ దగ్గరికి పంపేదా?" ఆ రోజు ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు.

నిజం చెప్పొద్దూ, నాకూ భయమే. రాత్రుళ్ళు పని చేస్తారట. మొదట్లో జీతమంటూ ఉండదట. పేరు తెరమీద పడుతుందన్న నమ్మకమూ లేదట. ఈ పనిలో ఆడవాళ్ళెవరే అని అడిగాను. గుక్క తిప్పుకోకుండా చెప్పింది. భానుమతిగారు సంగీతం కూడా చేశారు. 1968లో సావిత్రిగారు దర్శకత్వం వహించిన 'చిన్నారి పాపలు'కు సంగీతం పి.లీలగారిది. తర్వాత ఎం.ఎం.శ్రీలేఖగారు వచ్చారు. ఎక్కడో ఐస్‌లాండ్ దేశపు ఆవిడ, చెల్లో వాయిస్తారట, హిల్డర్ గుడ్నడోట్టిర్, 'జోకర్' సినిమా సంగీతానికి 2020లో ఆస్కార్ అందుకున్నారు. "అంతేనా?" అన్నాను. నేను అడిగిన ఉద్దేశం వేరు. అది మాత్రం "తక్కువమందే ఉన్నారు, అందుకే వెళతానంటున్నా" అంది. నాకు జవాబు దొరకలేదు.

పోయిన కార్తీకమాసంలో సోమవారం తెల్లవారుజామునే యాగంటి వెళ్ళాం. మా యాగంటిలో కాకులుండవని మీరు వినే ఉంటారు. అగస్త్యమహాముని శాపమని స్థలపురాణం. ఎన్నోసార్లు వెళ్ళినా నేను ఆ మాటను కథలాగే విన్నాను. ఆ రోజు కోనేటి మెట్లమీద మా అమ్మాయి ఫోను పట్టుకుని కదలకుండా కూర్చుంది. "మాట్లాడకమ్మా, విను" అంది. నంది నోట్లోంచి కోనేట్లో పడే నీళ్ళ చప్పుడు. దూరంగా గంట. అంతే. మా ఇంటిదగ్గరైతే ఆ వేళకు కాకుల గోల చెవులు చిల్లులు పొడుస్తుంది. లేని చప్పుడును కూడా వినవచ్చని నాకు ఆ రోజే తెలిసింది. ఆ నీళ్ళ చప్పుడును అది ఫోనులో రికార్డు చేసుకుంది.

అంతకు నెలరోజుల ముందు కాలేజీ పిల్లలు కలిసి పది నిమిషాల చిన్న సినిమా తీశారు. అరుగుమీద కూర్చున్న ఒక జేజి, పట్నంనుంచి రావలసిన మనవడికోసం ఎదురుచూస్తుంటుంది. సంగీతం మా అమ్మాయిది. మొదట మొత్తం వయొలిన్లు పెట్టింది. విని, "ఇంత ఏడుపెందుకే? ఆ జేజి ఏడవడం లేదు కదా. ఉప్పెక్కువైంది" అన్నాను. నాకు సంగీతం రాదు, ఉప్పు సంగతి తెలుసు. మొహం మాడ్చుకుంది. యాగంటినుంచి వచ్చిన రాత్రి వయొలిన్లన్నీ తీసేసి, నీళ్ళ చప్పుడు మాత్రం సన్నగా పెట్టి, చివర్లో జేజి లేచి లోపలికి పోయేటప్పుడు వేణువుమీద నాలుగే నాలుగు స్వరాలు వేసింది.

మావారికి చూపించాం. ఆయన మాట్లాడలేదు. లేచి పెరట్లోకి పోయి, చాలాసేపు మొహం కడుక్కున్నారు. మా అత్తమ్మ చివరి రోజుల్లో అలాగే అరుగుమీద కూర్చుని ఈయనకోసం చూసేది. మర్నాడు కాఫీ తాగుతూ, "ఆ నీళ్ళు ఎక్కడివి?" అని మాత్రం అడిగారు. "యాగంటివి నాన్నా" అంది. "నేననుకున్నాను" అన్నారు.

అవునని ఇంకా అనలేదు. కాదని కూడా మళ్ళీ అనలేదు. ఉద్యోగంలో చేరే గడువు దగ్గరపడుతోంది. గాజులకోసం నాలుగేళ్ళుగా నేను కడుతున్న చీటీ పోయిన నెల ఎత్తాను. ఆ డబ్బు బీరువాలో పసుపుబట్టలో ఉంది. ఒక్క సంవత్సరానికి ఆడపిల్లల హాస్టలుకూ, తిండికీ సరిపోతుంది. మావారితో చెప్పాలి, ఇంకా చెప్పలేదు. ఏడాదిలో ఏ దారీ కనబడకపోతే తిరిగొచ్చి ఉద్యోగం వెతుక్కుంటానని అమ్మాయి చేత ఒట్టు వేయించుకున్నాను. నేను చేస్తున్నది సబబేనంటారా? మీరైతే ఏం చేస్తారు?

అదలా ఉంచి, ఈ రాత్రి నా కోసం ఒక పని చేయండి. సినిమా వస్తుంటే ఒక సన్నివేశం సౌండు లేకుండా చూడండి. అదే సన్నివేశం కూర తరుగుతూ, తెరకు వీపు పెట్టి చెవులతో వినండి. తేడా మీకే తెలుస్తుంది. పేర్లు పడేటప్పుడు 'నేపథ్య సంగీతం' అన్నచోట ఎవరి పేరుందో చూడండి. ఎవరో తల్లి ఆ పేరుకోసం ఎదురుచూస్తూ ఉండి ఉంటుంది.