పండక్కి కొత్తవి... పరుగుకి పాతవి!

మారథాన్‌కి ఏం కావాలి? 'ఓ జత మంచి బూట్లుంటే చాలు' అంటారు చాలామంది. చిక్కంతా ఆ మంచి బూట్లతోనే! దుకాణంలో నాలుగడుగులు వేసినప్పుడు దూదిలా మెత్తగా ఉన్న బూటు ముప్ఫయ్యో కిలోమీటరు దగ్గర కరవడం మొదలెడితే... ఇంకా పన్నెండు కిలోమీటర్లు మిగిలే ఉంటాయి. చెప్పులో రాయి పెట్టే బాధేమిటో వేమన ఏనాడో చెప్పాడు కదా!

1960 రోమ్ ఒలింపిక్స్‌కి ఇథియోపియా సైనికుడు అబెబె బికిలా వెళ్లాడు. అక్కడ దొరికిన కొత్త బూట్లు అతని పాదాలకు సరిపడలేదు. దాంతో ఉత్తకాళ్లతోనే పరిగెత్తాడు. చూసినవాళ్లకు అది సాహసం. సాధనలో వట్టికాళ్లతో పరిగెత్తిన అతనికి మాత్రం అలవాటైన పనే. రాళ్లు పరిచిన దారుల మీదుగా 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో గమ్యం చేరాడు. అప్పటికి మారథాన్‌ను అంత వేగంగా ముగించినవారే లేరు. నాలుగేళ్ల తరవాత టోక్యోలో అదే బికిలా బూట్లు తొడుక్కుని మళ్లీ స్వర్ణం గెలిచాడు. అంటే, అతని పేచీ బూట్లతో కాదు... పాదానికి పడని బూట్లతో!

2015 బెర్లిన్ మారథాన్‌లో కెన్యా పరుగువీరుడు ఎలియుడ్ కిప్‌చోగె బూట్లలోంచి ఇన్‌సోల్స్ జారి బయటికొచ్చి రెపరెపలాడాయి. పాదం బొబ్బలెక్కింది, బొటనవేలు కోసుకుపోయింది. అయినా 2 గంటల 4 నిమిషాల్లో గెలిచాడు. ఆయన కాబట్టి సరిపోయింది. అదే, తెల్లారుజామున నాలుగింటికి లేచి ఆర్నెల్లు సాధన చేసిన ఓ మామూలు ఉద్యోగి అయితే? రోడ్డు పక్కన కూలబడాల్సిందే. ఆర్నెల్ల కష్టం ఓ బొబ్బ పాలు!

అందుకే అనుభవజ్ఞులు బూట్లు సాయంత్రంపూట కొంటారు. పగలంతా తిరిగాక పాదం కాస్త ఉబ్బుతుంది, పరుగులోనూ అంతే. పరిగెత్తేటప్పుడు వేసుకునే సాక్సుతోనే బూటు తొడిగి, వేళ్ల ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉందో లేదో చూసుకుంటారు. కాలిగోళ్లు నాలుగురోజుల ముందే కత్తిరించుకుంటారు. ఆగస్టు ఉక్కపోతలో ఫ్లైఓవర్లు ఎక్కిదిగే హైదరాబాద్ మారథాన్‌కైతే కాటన్ బనియను అసలే పనికిరాదు. చెమట పీల్చి బరువెక్కి ఒళ్లు ఒరిపిడి పెడుతుంది. చంకల్లో, తొడల మధ్య వ్యాజ్‌లైన్ రాసుకోవాల్సిందే.

అన్నిటికన్నా ముఖ్యమైనది... పూర్తి రిహార్సల్. పోటీకి రెండు మూడు వారాల ముందు అదే బూటు, అదే సాక్సు, అదే చొక్కాతో, దారిలో తాగబోయే అదే పానీయంతో ఓ సుదీర్ఘ పరుగు తీయాలి. ఏది కరుస్తుందో, ఏది ఒరుసుకుంటుందో ఆ రోజే తెలిసిపోతుంది. మార్చుకోవడానికి వ్యవధీ ఉంటుంది.

పోటీ ముందురోజు నంబరు తీసుకునేచోట రంగురంగుల బూట్లు, టీషర్టులు ఊరిస్తూనే ఉంటాయి. కొనుక్కోవచ్చు, తప్పులేదు. కాకపోతే మర్నాటి పరుగుకి మాత్రం వద్దు!